తేడా లెక్కపెట్టినవాడికే గ్రహం దొరికింది

సూరత్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి చీరలు, వజ్రాలు, 1994లో వచ్చిన ప్లేగు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల మీద బతుకుతున్న పద్మశాలీ కుటుంబాల గురించి కూడా కొందరికి తెలిసే ఉంటుంది. కాస్త చరిత్ర చదివినవాళ్ళయితే ఇంగ్లీషువాళ్ళు పెట్టిన వర్తక స్థావరం గురించీ, శివాజీ దాడుల గురించీ చెబుతారు. ఖగోళశాస్త్రానికీ ఈ ఊరికీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ అనుకోరు. కాని మన దేశంలో టెలిస్కోపుతో ఆకాశాన్ని పరిశీలించినట్టు తెలుస్తున్న మొట్టమొదటి సంఘటన 1651 నవంబరు 3న సూరత్‌లోనే జరిగింది.

చూసినవాడి పేరు జెరెమీ షేకర్లీ. ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంవాడు. అప్పటికి పాతికేళ్ళ కుర్రవాడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయన్న కెప్లర్ సిద్ధాంతాన్ని ఇంగ్లండులో మొదట ఒప్పుకున్న కొద్దిమందిలో ఒకడు. బుధగ్రహం 1651లో సూర్యబింబం మీదుగా అడ్డంగా వెళుతుందనీ, ఆ సమయానికి ఇంగ్లండులో రాత్రి కాబట్టి అక్కడివాళ్ళకు కనబడదనీ లెక్కల్లో తేలింది. షేకర్లీ సూరత్ చేరుకున్నాడు. అప్పుడు ఢిల్లీలో షాజహాన్ పాలన. లెక్క చెప్పిన రోజునే సూర్యుడి మీద బుధుడు కనబడ్డాడు. అంతకు ముందు బుధుడు ఇలా సూర్యుడికి అడ్డంగా పోవడాన్ని చూసింది 1631లో పారిస్‌లో గసెండీ తదితరులు మాత్రమే. అంటే ప్రపంచంలో రెండోసారి చూసింది మన సూరత్‌లో అన్నమాట.

ఇలా ఒక గ్రహం సూర్యుడి ముందు నుంచి వెళ్ళడాన్ని ఇంగ్లీషులో ట్రాన్సిట్ అంటారు. తెలుగులో సంక్రమణం అనొచ్చు గాని, మకర సంక్రమణంతో కలగాపులగం అవుతుంది. అందుకని ఇక్కడ ట్రాన్సిట్ అనే వాడతాను. దీని గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్ని ఎక్కువగా కనిపెడుతున్నది ఈ ట్రాన్సిట్ పద్ధతితోనే. గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలని కొలుస్తారు. షేకర్లీ చూసినదీ అదే దృశ్యం, కాకపోతే దగ్గర నుంచి.

అయితే షేకర్లీ పరిశీలన శాస్త్రానికి పెద్దగా పనికి రాలేదు. బుధుడు సూర్యబింబంలోకి సరిగ్గా ఎప్పుడు ప్రవేశించాడో, ఎప్పుడు బయటపడ్డాడో అతను సమయం నమోదు చెయ్యలేకపోయాడు. ఆ తరవాత 1652లో ఇక్కడి నుంచే ఒక తోకచుక్కను కూడా చూశాడు. 1655 ప్రాంతంలో, ముప్ఫయి ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. అంత దూరం వచ్చి, అంత అరుదైన దృశ్యం చూసి, సమయం రాసుకోలేకపోతే నష్టమేమిటని మనకు అనిపించవచ్చు. ఆ నష్టమేమిటో రెండు వందల ఏళ్ళ తరవాత తెలిసింది.

1781లో హెర్షెల్ యురేనస్‌ను కనిపెట్టాక, దాని స్థానాన్ని ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. న్యూటన్ సూత్రాల ప్రకారం అది ఉండవలసిన చోటు ఒకటి, కనబడుతున్న చోటు ఒకటి. తేడా చాలా కొద్ది. పట్టించుకోకుండా వదిలెయ్యొచ్చు. కాని వదిలెయ్యలేదు. కనబడని గ్రహమేదో యురేనస్‌ను లాగుతోందని ఫ్రాన్సులో లవెర్యే, ఇంగ్లండులో ఆడమ్స్ విడివిడిగా లెక్క కట్టారు. లవెర్యే చెప్పిన చోటు చూసి 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది.

తరవాత లవెర్యే బుధుడి మీద పడ్డాడు. 1697 నుంచి 1848 దాకా జరిగిన ట్రాన్సిట్‌లలో సమయాలు జాగ్రత్తగా నమోదైనవాటిని పోగేసి లెక్క కట్టాడు. (సూరత్ ట్రాన్సిట్‌కి సమయం ఉండి ఉంటే, ఆ లెక్కను మరో నలభై ఆరేళ్ళు వెనక్కి తీసుకెళ్ళడానికి వీలుండేది.) బుధుడి కక్ష్య ఉండవలసినదానికన్నా కాస్త ఎక్కువగా జరుగుతోందని 1859లో తేల్చాడు. ఆ తేడా ఇప్పటి లెక్క ప్రకారం శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను. నూరేళ్ళకు అలాంటివి 43. ఇది కూడా కనబడని గ్రహం పనే అనుకొని లవెర్యే దానికి వల్కన్ అని పేరు పెట్టాడు. చూశామని చెప్పినవాళ్ళు కూడా బయలుదేరారు. కాని ఎన్ని గ్రహణాలప్పుడు వెతికినా అది దొరకలేదు. చివరికి 1915లో ఐన్‌స్టైన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో ఆ 43 ఆర్క్ సెకన్లూ ఏ గ్రహమూ అక్కర్లేకుండా లెక్కకు సరిపోయాయి. మొదటిసారి తేడాలోంచి గ్రహం వచ్చింది. రెండోసారి తేడాలోంచి ఏకంగా కొత్త సిద్ధాంతమే వచ్చింది. రెండుసార్లూ తేడా నిజమే. దానికి చెప్పిన కారణం ఒకసారి ఒప్పు, ఒకసారి తప్పు.

మన తెలుగునాట కూడా ఇలా సమయం చూసుకుంటూ ట్రాన్సిట్‌ని గమనించినవాళ్ళున్నారు. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడె వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించుకున్నాడు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1868లో బుధుడి ట్రాన్సిట్‌నీ, 1874 డిసెంబరు 9న శుక్రుడి ట్రాన్సిట్‌నీ అక్కడి నుంచి పరిశీలించి, వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపించాడు. ఇలా వేరువేరు దేశాల్లో నమోదైన సమయాల తేడాల నుంచే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం లెక్క కట్టేవారు. జమీందారీ కుటుంబాలు యజ్ఞాలకూ, గుళ్ళకూ డబ్బిచ్చిన కాలంలో ఇదొక అరుదైన సంగతి. విశాఖలోనే ఎంతమందికి ఈ పేర్లు తెలుసో అనుమానమే.

ఇక్కడ ఒక ప్రశ్న గురించి చెప్పాలి. లింబాయత్‌లో నాకు తెలిసిన ఒక మరమగ్గం కార్మికుడున్నాడు. కరీంనగర్ వైపు మనిషి. ఏలినాటి శని ఉందని ఎవరో చెబితే, నెల జీతం పైనే ఖర్చుపెట్టి శాంతి చేయించాడు. మన దేశంలో శాస్త్రజ్ఞులు కొత్త గ్రహాన్ని కనిపెట్టారన్న వార్త గురించి నేను చెబుతుంటే అతను ఇలా అన్నాడు: "సార్, ఎవ్వలూ కండ్లతోటి చూడని గ్రహాలు వేలు ఉన్నయని మీరు చెప్తరు, అది సైన్సు. మా శని కండ్లకు కనబడే గ్రహమేనాయె. దాని ప్రభావం ఉన్నదంటె మూఢనమ్మకమా?"

దీన్ని నవ్వి కొట్టిపారెయ్యడం తేలిక. మనలో చాలామంది చేసేదదే. కాని ప్రశ్న బాగుంది, జవాబు చెప్పి తీరాలి. కనబడటం, కనబడకపోవడం అన్నది అసలు విషయం కాదు. బట్ట చెకింగ్ చేసేవాళ్ళు ఏం చేస్తారో అతనికి నాకన్నా బాగా తెలుసు. తానును వెలుతురు మీద పరిచి, పోగు తెగిన ప్రతిచోటా గుర్తు పెడతారు. ఎన్ని మీటర్లకు ఎన్ని లోపాలో రాస్తారు. ఒకేచోట మళ్ళీ మళ్ళీ లోపం కనబడితే మగ్గంలో ఏ భాగం పాడైందో దాన్నిబట్టి చెప్పగలరు. ఆ భాగాన్ని చూడకుండానే చెప్పగలరు. ఖగోళశాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. జ్యోతిష్కుడి దగ్గర అలాంటి పుస్తకం ఏదైనా ఉందా? ఏలినాటి శని ఉందన్నవాళ్ళలో ఎంతమందికి కష్టాలొచ్చాయి, లేదన్నవాళ్ళలో ఎంతమందికి వచ్చాయి అని ఎవరైనా లెక్క రాసి పెట్టారా?

ఇంకో మాట. గ్రహాలు మనుషుల మీద ప్రభావం చూపేట్టయితే, 1781కి ముందు వేసిన జాతకాలన్నిటిలోనూ యురేనస్, నెప్ట్యూన్ లెక్కలోకి రాలేదు. రెండు పెద్ద గ్రహాలు లెక్కలో లేకపోతే ఫలితాల్లో తేడా రావాలి. "మా జాతకాలు ఒక పద్ధతిలో తప్పుతున్నాయి, మనకు తెలియని గ్రహం ఇంకోటి ఉండి తీరాలి" అని ఏ దేశంలోనైనా, ఏ జ్యోతిష్కుడైనా చెప్పాడా? లేదు. తప్పిన జోస్యాన్ని లెక్కలో రాసుకునే అలవాటు ఉంటే కదా తేడా తెలిసేది! కొత్త గ్రహాలు బయటపడ్డాక పాశ్చాత్య జ్యోతిష్కులు వాటిని కలుపుకున్నారు. మనవాళ్ళు చాలామంది కలుపుకోలేదు. ఇద్దరి వ్యాపారమూ ఒకేలా సాగుతోంది.

మనవైపు కూడా ఒక అలవాటుంది, దాని గురించి కూడా మాట్లాడుకోవాలి. హేతువాదుల వ్యాసాల్లో బ్రూనో పేరు రాకుండా ఉండదు. నక్షత్రాలన్నీ సూర్యుళ్ళేననీ, వాటి చుట్టూ లోకాలున్నాయనీ అన్నందుకు 1600 ఫిబ్రవరి 17న రోములో ఆయన్ని సజీవ దహనం చేశారని రాస్తాం. దహనం చేసిన మాట నిజం, అది ఘోరమైన నేరం. కాని ఆయన మీద మోపిన అభియోగాల్లో ఇదొకటి మాత్రమే. క్రీస్తు గురించీ, త్రిత్వం గురించీ, ఇతర మత విషయాల గురించీ చాలా ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, బ్రూనో దేన్నీ కొలవలేదు. అది గొప్ప ఊహ, ధైర్యమైన ఊహ, అంతే. "మన పురాణాల్లో అనేక బ్రహ్మాండాలున్నాయని ఎప్పుడో చెప్పారు" అని ఎవరైనా అంటే, ఆధారమేదీ అని అడుగుతాం. అదే కొలబద్ద బ్రూనోకీ పెట్టాలి. ఊహ తరవాతెప్పుడో నిజమైనంత మాత్రాన అది శాస్త్రమైపోదు. ఊహకూ కొలతకూ మధ్య దాదాపు నాలుగు వందల ఏళ్ళు పట్టింది. ఆ నాలుగు వందల ఏళ్ళ చరిత్రలో ఎక్కువ భాగం తప్పులదే.

ఆ తప్పుల్లో తొలినాటిదొకటి కూడా మన దేశంలోనే జరిగింది. మద్రాసు అబ్జర్వేటరీకి డైరెక్టరుగా ఉన్న కెప్టెన్ డబ్ల్యు.ఎస్. జేకబ్, సర్పధరి రాశిలోని 70 ఒఫ్యూకీ అనే జంట నక్షత్రాన్ని గమనించేవాడు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడంలో లెక్కకూ పరిశీలనకూ తేడా కనబడింది. అక్కడ ఒక గ్రహం ఉండే అవకాశం బాగా ఎక్కువని 1855లో ప్రకటించాడు. సౌరకుటుంబం అవతల గ్రహం ఉందని కొలతల ఆధారంగా వచ్చిన తొలి ప్రకటనల్లో ఇదొకటి. 1890లలో అమెరికాలో టి.జె.జె. సీ అనే ఆయన ఇదే వాదన మళ్ళీ తెచ్చాడు. అలాంటి వస్తువు ఉంటే ఆ కక్ష్య నిలబడదని 1899లో మౌల్టన్ లెక్క కట్టి చూపించాడు. జేకబ్ చూసిన తేడా గ్రహం వల్ల వచ్చింది కాదు. అప్పటి పరికరాలతో చేసిన కొలతల్లోనే అంత దోషం ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలో బర్నార్డ్ నక్షత్రం ఉంది. అమెరికాలో పీటర్ వాన్ డి కాంప్ 1938 నుంచి వేల ఫొటోలు తీసి, అది ఊగుతోందనీ, గురుడికన్నా పెద్ద గ్రహం దాన్ని ఊపుతోందనీ 1963లో ప్రకటించాడు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 1973లో గేట్‌వుడ్, ఐక్‌హార్న్ వేరే టెలిస్కోపుల ఫొటోలు చూస్తే ఊగడమేమీ కనబడలేదు. అదే సమయంలో వాన్ డి కాంప్ పనిచేసిన చోటే ఉన్న హెర్షీ మరో సంగతి బయటపెట్టాడు. అదే టెలిస్కోపుతో తీసిన ఇతర నక్షత్రాలు కూడా అవే సంవత్సరాల్లో జరిగినట్టు కనబడుతున్నాయి. ఆ సంవత్సరాల్లో టెలిస్కోపు కటకానికి మరమ్మత్తులు చేశారు. ఊగింది నక్షత్రం కాదు, టెలిస్కోపు. వాన్ డి కాంప్ 1995లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు. కాని ఆయన ఒప్పుకోలునో, పేరుప్రతిష్ఠలనో ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆ గ్రహం జాబితాలోంచి పోయింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1992 జనవరిలో జరిగింది. అంతకు ముందు ఏడాది ఆండ్రూ లైన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడి బృందం ఒక పల్సార్ చుట్టూ ఆరు నెలలకోసారి తిరిగే గ్రహం ఉందని ప్రకటించింది. (పల్సార్ అంటే గిర్రున తిరుగుతూ గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే మృత నక్షత్రం.) ఆరు నెలలంటే భూమి కక్ష్యలో సరిగ్గా సగం. అక్కడే అనుమానం రావాలి. తిరిగి లెక్క చూసుకుంటే, పల్సార్ స్థానాన్ని కాస్త తప్పుగా తీసుకోవడం వల్ల, భూమి కదలికను తీసివేసే లెక్క సరిగ్గా కుదరలేదని లైన్‌కే తెలిసింది. అట్లాంటాలో వందలాది ఖగోళశాస్త్రజ్ఞుల సభలో లేచి గ్రహం లేదని చెప్పాడు. సభ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన తరవాత మాట్లాడిన అలెక్సాండర్ వోల్షాన్ మరో పల్సార్ చుట్టూ గ్రహాలున్నాయని చెప్పాడు. వోల్షాన్, ఫ్రేల్ కలిసి కనిపెట్టిన ఆ గ్రహాలు పరీక్షలన్నిటికీ నిలబడ్డాయి. సౌరకుటుంబం బయట నిర్ధారణ అయిన మొదటి గ్రహాలు అవే. తాను చెప్పింది తప్పని సభలో ఒప్పుకున్న స్వామీజీకి భక్తులు లేచి చప్పట్లు కొట్టిన సంఘటన ఎక్కడైనా జరిగిందా అని నాకు తెలిసినవాళ్ళను అడుగుతూ ఉంటాను.

ఇక సూర్యుడిలాంటి మామూలు నక్షత్రాల సంగతి. 1995 అక్టోబరులో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు మిషెల్ మాయర్, దిదియె కెలోజ్ 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని ప్రకటించారు. వాళ్ళు వాడిన పద్ధతి ఇది. గ్రహాన్ని నక్షత్రం లాగినట్టే, గ్రహం కూడా నక్షత్రాన్ని లాగుతుంది. అందువల్ల నక్షత్రం కాస్త ఊగుతుంది. ఉధ్నా స్టేషన్లో ఆగకుండా పోయే రైలు మనవైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినబడుతుంది కదా. అలాగే నక్షత్రం మనవైపు వచ్చినప్పుడు దాని వర్ణపటంలోని గీతలు నీలం వైపు, దూరంగా పోయినప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరుగుతాయి? గురుగ్రహం మన సూర్యుణ్ణి ఊపే వేగం సెకనుకు 12 మీటర్ల పైచిలుకు. భూమి వల్ల వచ్చేది సెకనుకు 9 సెంటీమీటర్లు మాత్రమే. కాంతి వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. వీటితో పోల్చి చూస్తే ఎంత సూక్ష్మమైన కొలతో అర్థమవుతుంది.

51 పెగాసి గ్రహం మరీ విడ్డూరంగా ఉంది. గురుడిలో సగం బరువు, కాని తన నక్షత్రం చుట్టూ తిరగడానికి 4.2 రోజులే. అంత దగ్గర అంత పెద్ద గ్రహం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. (ఉండొచ్చనీ, వెతకమనీ 1952లోనే ఆటో స్ట్రూవ్ రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు.) సహజంగానే అనుమానాలొచ్చాయి. అది గ్రహం కాదు, నక్షత్రమే ఉబ్బుతూ తగ్గుతూ ఉందని 1997లో డేవిడ్ గ్రే అన్నాడు. మరుసటి సంవత్సరం ఇంకా మంచి కొలతలు తీసుకుని, తన అభ్యంతరాన్ని తానే వెనక్కి తీసుకున్నాడు. 1999లో అనుమానం పూర్తిగా తీరిపోయింది. హెచ్‌డి 209458 అనే మరో నక్షత్రం ఊగడాన్నిబట్టి, దాని గ్రహం నిజంగా ఉండి, మనకు అడ్డంగా కూడా వస్తే, ఫలానా రాత్రి ఫలానా సమయానికి వెలుతురు తగ్గాలని లెక్క వచ్చింది. సరిగ్గా ఆ సమయానికి సుమారు ఒకటిన్నర శాతం తగ్గింది. రెండు వేరువేరు పద్ధతులు ఒకే జవాబు చెప్పాయి. మాయర్, కెలోజ్‌లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

తరవాత 2009లో నాసా పంపిన కెప్లర్ టెలిస్కోపు ఒకే దిక్కుకు చూస్తూ లక్షన్నర నక్షత్రాల వెలుతురును నాలుగేళ్ళు కొలిచింది. భూమి అంత గ్రహం సూర్యుడి లాంటి నక్షత్రానికి అడ్డం వస్తే తగ్గే వెలుతురు పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. పైగా అది మన చూపుకు సరిగ్గా అడ్డంగా రావాలి. భూమిలాంటి కక్ష్య ఉన్న గ్రహాలు రెండు వందలుంటే, వాటిలో ఒక్కటి అలా వస్తుంది. అయినా కెప్లర్ 2018లో పని ఆపేసేనాటికి సేకరించిన సమాచారంలోంచి 2,600 పైగా గ్రహాలు బయటపడ్డాయి. 2025 సెప్టెంబరుకి నాసా జాబితాలో మొత్తం గ్రహాలు 6,000 దాటాయి. కొన్నిటిని నేరుగా ఫొటో కూడా తీశారు. హెచ్‌ఆర్ 8799 చుట్టూ ఉన్న గ్రహాల ఫొటో 2008లోనే వచ్చింది. కాబట్టి "ఎవ్వలూ చూడని" అన్న మాట పూర్తిగా నిజం కూడా కాదు.

వెలుతురు తగ్గినంత మాత్రాన గ్రహం అనుకోకూడదు. ఆ దిక్కులోనే ఇంకెక్కడో ఉన్న జంట నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డం వచ్చినా అలాగే తగ్గుతుంది. అందుకే రెండో సాక్ష్యం కావాలి. సూరత్ నుంచి ఒక రాత్రి ప్రయాణంలో చేరుకోగలిగే మౌంట్ ఆబూలో ఆ పని జరుగుతోంది. విక్రమ్ సారాభాయి 1947లో అహ్మదాబాదులో స్థాపించిన ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీకి అక్కడి గురుశిఖర్ దగ్గర అబ్జర్వేటరీ ఉంది. 1.2 మీటర్ల టెలిస్కోపుకు పరస్ అనే వర్ణపటమాపకాన్ని అమర్చారు. ఉష్ణోగ్రత మారితే పరికరమే సాగి నక్షత్రం ఊగినట్టు కనబడుతుంది కాబట్టి, దాన్ని గాలి తీసేసిన గదిలో, డిగ్రీలో వందో వంతుల మేరకు ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచుతారు. వాన్ డి కాంప్ కటకం నేర్పిన పాఠం ఇది.

అభిజిత్ చక్రవర్తి నాయకత్వంలోని బృందం 2018లో కె2-236బి అనే గ్రహాన్ని ఇలా నిర్ధారించింది. సుమారు 600 కాంతి సంవత్సరాల దూరం. కెప్లర్ టెలిస్కోపుకు వెలుతురు తగ్గడం కనబడింది, గ్రహం అవునో కాదో తేలలేదు. ఆబూ నుంచి సంవత్సరం పైగా నక్షత్రం వేగాన్ని కొలిచారు. గ్రహం బరువు భూమికి 27 రెట్లు, వ్యాసం 6 రెట్లు, అక్కడ ఒక సంవత్సరం అంటే మన పందొమ్మిదిన్నర రోజులు. ఈ అంకెల్ని బట్టి లెక్క కడితే ఆ నక్షత్రం ఊగే వేగం సెకనుకు 6 మీటర్ల లోపు, అంటే కాస్త జోరుగా తొక్కే సైకిలు వేగం. 600 కాంతి సంవత్సరాల దూరంలో సైకిలు వేగాన్ని కొలిచారన్నమాట. తరవాత ఇదే సంస్థ 2021లో టీఓఐ-1789బి, 2023లో టీఓఐ-4603బి, 2024లో టీఓఐ-6651బి గ్రహాలను ప్రకటించింది. 2.5 మీటర్ల కొత్త టెలిస్కోపు, పరస్-2 కూడా వచ్చాయి. గుళ్ళ యాత్రకు ఆబూ వెళ్ళేవాళ్ళు ఆ గుమ్మటం వైపు కూడా ఒకసారి చూస్తే బాగుంటుంది.

సూరత్‌కు ఈ రంగంతో ఈ మధ్య ఇంకో చిన్న బంధం ఏర్పడింది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కో దేశానికి ఒక నక్షత్రానికీ, దాని గ్రహానికీ పేరు పెట్టే అవకాశం ఇచ్చింది. మన దేశానికి వచ్చిన హెచ్‌డి 86081 నక్షత్రానికి బిభా అనే పేరు ఖాయమైంది. ఆ పేరు సూచించింది సూరత్ ఎస్‌వీఎన్‌ఐటీ విద్యార్థి. కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన బిభా చౌధురి గౌరవార్థం పెట్టిన పేరు అది. ఆమె బతికుండగా రావలసిన గుర్తింపు రాలేదు. గ్రహానికి సంతమస అనే సంస్కృత పదం పెట్టారు. ఆకాశంలో పురాణ పురుషుల పేర్లకు కొదవ లేదు. ఒక భౌతికశాస్త్రజ్ఞురాలి పేరు చేరడం నాకు సంతోషం కలిగించింది.

గ్రహాలు దొరికాక వాటి మీద గాలి ఉందా, అందులో ఏముంది అన్నది తరవాతి ప్రశ్న. ట్రాన్సిట్ అప్పుడు నక్షత్రపు కాంతి గ్రహపు వాయుమండలం అంచుల్లోంచి వడకట్టుకుని వస్తుంది. ఏ రంగులు తగ్గాయో చూసి ఏ వాయువులున్నాయో చెప్పవచ్చు. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రజ్ఞుడు నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి మీద డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్ళు కనబడ్డాయని ప్రకటించింది. భూమి మీద ఆ వాయువు ఎక్కువగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. ఇంకేం, "పరాయి గ్రహం మీద జీవం" అని టీవీలు హోరెత్తించాయి. కాని ఆ బృందమే చెప్పిన ప్రకారం అది కాకతాళీయంగా వచ్చి ఉండే అవకాశం వెయ్యికి మూడు. ఇలాంటి విషయాల్లో అది చాలదు. అదే సమాచారాన్ని వేరేవాళ్ళు వేరే పద్ధతిలో చూసి, ఆనవాళ్ళు గట్టివి కావన్నారు. జేకబ్, వాన్ డి కాంప్‌ల చరిత్ర తెలిసినవాళ్ళు ఇక్కడ తొందరపడరు. మనవాడు చెప్పాడని నమ్మనూ అక్కర్లేదు, వార్త బాగుందని ఊగిపోనూ అక్కర్లేదు. మరికొన్ని కొలతలు రానిద్దాం.

తొందరపడకపోతే ఏమవుతుందో బర్నార్డ్ నక్షత్రమే చెబుతుంది. వాన్ డి కాంప్ గ్రహం పోయాక, 2018లో మరో బృందం అక్కడ ఇంకో గ్రహం ఉందంది. అదీ నిలవలేదు. 2024 అక్టోబరులో చాలా సున్నితమైన పరికరంతో, 3.15 రోజులకు ఒకసారి తిరిగే చిన్న గ్రహం బయటపడింది. 2025లో మరో టెలిస్కోపుతో దాన్ని సరిచూశారు. మొత్తం నాలుగున్నాయని తేలింది, అన్నీ భూమికన్నా చిన్నవే. అరవై ఏళ్ళ కిందటి మాట యాదృచ్ఛికంగా నిజమైందని ఎవరైనా అనవచ్చు. కాని ఆయన చెప్పిన గ్రహం ఇవేవీ కావు. రెండుసార్లు లేదని తేల్చిన శాస్త్రమే మూడోసారి ఉందని చెబుతోంది కాబట్టి ఈ మాటకు విలువ ఉంది.

ఆ మగ్గం కార్మికుడికి నేనిచ్చే జవాబు కూడా ఇదే. గ్రహం కనబడుతుందా లేదా అని అడగవద్దు. చెప్పింది తప్పితే ఎవరు లెక్క రాస్తారు, ఎవరు ఒప్పుకుంటారు అని అడగమంటాను. శాంతి చేయించే ముందు ఆ ప్రశ్న అడిగితే కనీసం నెల జీతం మిగులుతుంది. ఖగోళశాస్త్రం చెప్పే జోస్యం కావాలంటే ఒకటి ఇక్కడే రాసి పెడతాను, మీరే సరిచూసుకోండి. 2032 నవంబరు 13, శనివారం మధ్యాహ్నం సుమారు 12 గంటల 11 నిమిషాలకు బుధుడు సూర్యబింబం అంచును తాకుతాడు. సాయంత్రం సుమారు 4 గంటల 37 నిమిషాలకు బయటపడతాడు. సూరత్ నుంచీ, విశాఖ నుంచీ కూడా కనబడుతుంది. సూర్యుణ్ణి నేరుగా ఎవరూ చూడకూడదు, కళ్ళు పోతాయి. టెలిస్కోపుకు ముందు సరైన సౌర ఫిల్టరు పెట్టి గాని, తెల్ల కాగితం మీద బింబాన్ని పడేసి గాని చూడాలి. పక్కన గడియారం, నోటు పుస్తకం పెట్టుకుని, ఈసారి సమయం మాత్రం తప్పకుండా రాసుకుందాం.